ఏడు రాళ్ల ఆదివారం

మా ఇంట్లో వారమంటే ఏడు రాళ్లు. ఆరు నల్లవి, ఒకటి తెల్లది. కుంట గట్టు మీద ఏరి తెచ్చినవి, అరచేతిలో పెట్టుకుంటే జారిపోయేంత నున్నటివి. దీపపు గూటి పక్కన రెండు కొబ్బరి చిప్పలు ఉండేవి. కోడి కూయగానే మా తాత ఎడమ చిప్పలో నుంచి ఒక రాయి తీసి కుడి చిప్పలో వేసేవాడు. నల్లవన్నీ అయిపోయాక తెల్లదాని వంతు. తెల్లరాయి జరిగిన పొద్దు ఆదివారం. ఆ పొద్దు తాత బయటికి వెళ్లి, వేపకొమ్మకు వేలాడే రైలు పట్టా ముక్కను ఇనుప కడ్డీతో కొట్టేవాడు. ఆ చప్పుడు వినగానే మా వాడలోని పన్నెండు ఇళ్లలో కొడవళ్లు చూరులోకి పోయేవి.

చదువుకున్నవాళ్లకు నవ్వు రావచ్చు. కాగితం మీద లెక్క లేదా అంటారు. ఉండింది. నెలకొకసారి సైకిల్ మీద వచ్చి ప్రార్థన చేయించి పోయే పెద్దయ్యగారు ఒక సంవత్సరం దినాల లెక్క అచ్చు వేసిన కాగితం ఇచ్చి గోడకు అంటించమన్నాడు. అక్షరం వచ్చిన మనిషి వాడ మొత్తంలో ఒక్కరు లేరు. అయినా గౌరవంగా అన్నం మెతుకులతో అంటించాం. ఆ మెతుకుల వాసనకు మా మేక వచ్చి ఏడాదిలో సగం తినేసింది. తాత మేకను కొట్టలేదు. "పోనియ్యి, మనకు రాకున్న, దానికన్న అక్కరకొచ్చింది" అన్నాడు. ఆ తరువాత వచ్చినవే ఈ రాళ్లు.

మా ఊరు చేవెళ్లకు, మొయినాబాద్‌కు నడుమ, సడకు బాట దిగి కోసెడు దూరం నడిస్తే వస్తుంది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లో పదేళ్లో. నైజాం కాలం. మా తాత పడుచువాడుగా ఉన్నప్పుడే మా వాడ వాళ్లంతా ఏసు ప్రభువును నమ్ముకున్నారు. మా బాపు ఊళ్లో పెద్ద రైతు ఇంట్లో ఎద్దుల దగ్గర జీతం ఉండేవాడు. మా అవ్వ, అంటే మా అమ్మ, మా దిక్కు తల్లినే అవ్వ అంటాం, అదే ఇంటి పొలంలో, కల్లంలో పనిచేసేది. ఆ ఇంటి ఇల్లాలిని ఊరు పటేలమ్మ అనేది, మేము దొరసాని అనేవాళ్లం. మనిషి పొట్టి, మాట పొడుగు.

చిన్నప్పుడు నన్ను ఒకటే పురుగు తొలిచేది. ఈ దినాల సంగతి ఏమిటి? మాకు ఆదివారం. పటేలమ్మ ఇంట్లో సోమవారం ఎద్దుల మెడ మీద కాడి పెట్టరు, తాడు కట్టి పని చేయించరు. అది బసవన్న దినమట. ఆనాడు పొలం ఎంత అదునులో ఉన్నా ఎద్దులు మేస్తాయి, పడుకుంటాయి, అంతే. సడకు మీద మొయినాబాద్ దాకా టాంగా తోలే సాయిబు తాత శుక్రవారం నడిపొద్దు కాగానే, ఎంత బేరం చేతిలో ఉన్నా, గుర్రాన్ని విప్పి నమాజుకు పోయేవాడు. చేవెళ్ల కచేరీకి కూడా ఆనాడే సెలవు. మరి దినాలను ఎవరు పంచారు? అందరికీ కలిపి ఒకే దినం ఇస్తే దేవుళ్లకు ఏం పోయేది?

కనపడినవాళ్లనల్లా అడిగేదాన్ని. సాయిబు తాతను అడిగాను.

"సాయిబు తాతా, జుమ్మా నాడు గుర్రానికి గూడ నమాజు ఉంటదా?"

"నమాజు నాకు బేటీ, ఆరాం దానికి. నాకంటె అదే ఎక్కువ ఎదురు చూస్తది" అన్నాడు.

మా బాపు ఆదివారం కూడా పొద్దునా సాయంత్రమూ పోయి ఎద్దులకు గడ్డి వేసి, నీళ్లు తాపి వచ్చేవాడు. "బాపూ, ఆదివారం పని చెయ్యొద్దంటరు. గడ్డేసుడు పని గాదా?" అన్నాను. బాపు తల గోక్కున్నాడు. "ఆకలి సెలవు తీసుకోదు బిడ్డా. మేపుడు పనిలకు రాదు" అన్నాడు.

ఒకసారి ధైర్యం చేసి పటేలమ్మనే అడిగాను. మా అవ్వ వెనుక నుంచి గిల్లుతున్నా ఆగలేదు.

"దొరసానీ, ఇయ్యాల సోమారమని ఎద్దుకు ఎట్ల ఎరుక?"

పటేలమ్మ తవుడు కలుపుతున్న చెయ్యి ఆపింది. "దానికెందుకే ఎరుక? నాకు ఎరుకైతె చాలదా?" అంది. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. తెలియని దానికి దినం ఇస్తే ఏం లాభం అనుకున్నాను.

ఆ ఏడు దీపావళి పోయి నెల దాటాక పచ్చజొన్న కోతలు అయ్యాయి. కంకులన్నీ కోసి పటేలమ్మ కల్లంలో కుప్ప వేశారు. ఇక కల్లం అలకాలి, ఒక దినం ఆరనివ్వాలి, కంకులు పరిచి ఎద్దులతో తొక్కించాలి. అంతలో తూర్పున మబ్బు పట్టింది. కాలం కాని కాలం మబ్బు. జొన్న కంకి తడిస్తే గింజ నల్లబడుతుంది, రెండు దినాలు తడిస్తే మొలక వస్తుంది. అది పటేలమ్మ ఇంటి గాదె ఒక్కటే కాదు, మా పన్నెండు ఇళ్ల కుండలు కూడా ఆ కుప్పలోనే ఉన్నాయి. మాకు కూలి ఇచ్చేది ఆ గింజే.

పటేలమ్మ కల్లం గట్టు మీద నిలబడి వేళ్లు మడిచింది.

"ఐతారం ఎద్దులను బంతి కట్టి తొక్కిద్దం. ఎద్దులు ఎనిమిది. పొద్దుగాల ఎక్కితె పొద్దుగూకె వరకు ఒడిసిపోతది" అంది.

మా అవ్వ గంప దించింది. "ఐతారం మేము రాం గద దొరసానీ."

"అయితె సోమారం ఎద్దులు రావు. మంగళారం దాక మబ్బు ఆగుతదా? నువ్వు ఆపుతవా?"

"సోమారం మేము వస్తం. మా వాడ వాడంత వస్తం. ఎద్దులు లేకుంటె ఏమాయె, కట్టెలు పట్టుకొని కొడతం."

"గింత కుప్ప కట్టెల తోని కొడతవా? నీ చేతులు ఇనుపయా?"

"ఇనుపయి గావు. గాని ఐతారం గావు."

చూస్తున్నారా ఎట్లా పడిందో ముడి. ఆదివారం ఎద్దులున్నాయి, మనుషులు లేరు. సోమవారం మనుషులున్నారు, ఎద్దులు లేవు. ఇద్దరిలో ఎవరూ తగ్గే మనిషి కాదు. పటేలమ్మకు కోపం నెత్తికెక్కింది.

"ఐతారం నీ కాలు కల్లంల పడకపోతె, ఎన్నడు పడొద్దు ఇగ. కనకమామిడి నుంచి మనుషులను పిలిపిస్త. నువ్వు, నీ మొగడు, ఇంకోళ్ల ఇల్లు చూసుకోండ్రి."

మా అవ్వ గంప ఎత్తుకుంది. ఇంటికి వచ్చే దాకా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, నొప్పి పుట్టింది. ఆ ఇల్లు పోతే మాకు ఇంకో ఇల్లు లేదని నాకు కూడా తెలుసు. బాపు ఆ ఎద్దులను కోడెదూడలప్పటి నుంచి సాకాడు.

ఆ వారమే మా తాతకు చలిజ్వరం వచ్చింది. గొంగడి కప్పుకొని మంచం గడగడ ఊగేలా వణికేవాడు. రాళ్లు నాకు అప్పగించాడు.

"కోడి కూసినంక ఒక్కటి. ఒక్కటే. ఎరుకనా?"

"ఎరుకే తాతా."

నాకు ఎంత గర్వమో. మా పన్నెండు ఇళ్ల వారం నా పిడికిట్లో ఉంది. రాయి జరిపేముందు దాన్ని కొంగుతో తుడిచేదాన్ని.

గురువారం నాడు అవ్వకు కల్లానికి అంబలి మోసుకుపోయి, ఎండలో తిరిగి వచ్చి, తాత మంచం కింద చల్లగా ఉందని పడుకున్నాను. ఒళ్లు తెలియని నిద్ర. కళ్లు తెరిచేసరికి తడకల్లో నుంచి ఎర్రటి వెలుగు. గుడిసెలో ఎవరూ లేరు, తాత నిద్రలో ఉన్నాడు. బయట కోడి కూసింది. ఆ కోడికేం రోగమో, ఇప్పటికీ దాన్ని తిట్టుకుంటాను. అయ్యో తెల్లారిందే అని దిగ్గున లేచి, రాయి తీసి తుడిచి కుడి చిప్పలో వేశాను. వేపపుల్ల విరుచుకొని గడప మీద కూర్చొని పళ్లు తోముతున్నాను.

అవ్వ గడ్డి మోపుతో వచ్చి ఎదురుగా నిలబడింది. "ఏమే, పొద్దుమీకి పండ్లు తోముతున్నవేందే?"

వెనుక వచ్చే ఆడవాళ్లంతా పకపకా నవ్వారు. "రేపటియి ఇయ్యాలనే తోముకుంటున్నది, పని ఒడిసిపోతదని" అని ఒకామె. అది తెల్లవారడం కాదు, సాయంత్రం! నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. వేపపుల్ల పారేసి లోపలికి ఉరికాను. ఆ నవ్వుల్లో రాయి సంగతి కొట్టుకుపోయింది. నిజం చెబుతున్నాను, దాచలేదు, మరిచిపోయాను.

శుక్రవారం పొద్దున చివరి నల్లరాయి జరిపాను. మరునాడు తెల్లవారి ఎడమ చిప్పలో తెల్లరాయి ఒక్కటే కూర్చొని ఉంది.

గంట కొట్టడం అదే మొదటిసారి. కడ్డీ రెండు చేతులతో పట్టుకొని కొట్టాను. గొంగడి కింద నుంచి తాత, "అప్పుడే ఐతారమా?" అన్నాడు. అవునన్నాను. "జ్వరంల దినాలు ఉరుకుతున్నయి" అని అటు తిరిగి పడుకున్నాడు. మా అవ్వ మాత్రం గడపలో నిలబడి వేళ్లు మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది. "నాకేమో రేపనిపిచ్చింది. నెత్తి పనిజేస్తలేదు నాకు" అంది. చివరకు, "గంట కొట్టినంక ఎవరి లెక్క వాళ్లదంటె ఎట్ల? ఐతారమే" అని తల అంటుకోవడానికి నీళ్లు పెట్టింది.

ఆ దినం వాడలో ఎవరూ పాట గట్టిగా పాడలేదు. ఊళ్లో కల్లం దగ్గర కనకమామిడి వాళ్లు దిగి ఉంటారని, ఎద్దులు తిరుగుతూ ఉంటాయని అందరి చెవులూ అటే. ఏ చప్పుడూ రాలేదు. సాయంత్రం బాపు ఎద్దులకు గడ్డి వేసి వచ్చాడు.

"కల్లం అలికి ఆరబెట్టిండ్రు. కనకమామిడోళ్లు రాలే" అన్నాడు.

"మరి దొరసాని ఏమన్నది?"

"ఏమనలే. దర్వాజల గూట్ల దీపం పెట్టి, నా దిక్కు చూసింది. ఏమో అనబోయి ఊకున్నది."

గూట్లో దీపం! ఆ మాట మా అందరి చెవినా పడింది, ఎవరి బుర్రలోనూ పడలేదు. ఆ ఇంట్లో శనివారం శనివారం చిల్కూరు దేవుని పేరున దర్వాజ పక్క గూట్లో దీపం పెడతారు. ఎన్నేళ్ల నుంచో పెడుతున్నారు. వాళ్ల దీపం ఏ దినాన వెలుగుతుందో మా వాడలో ఒక్కరూ గమనించలేదు. మన దీపం కానప్పుడు మనకెందుకు?

మర్నాడు, మా లెక్కన సోమవారం, వాడంతా కట్టెలు భుజాన వేసుకొని కల్లానికి నడిచాం. వెళ్లి చూస్తే కంకులు పరిచి ఉన్నాయి. కల్లం నడుమ గుంజకు ఎనిమిది ఎద్దులు వరసగా కట్టి ఉన్నాయి. పటేలమ్మ కొడుకు తాడు పట్టుకొని నిలబడ్డాడు.

మా బాపు చేతిలో కట్టె జారిపోయింది. మా అవ్వ పటేలమ్మ ముందుకు పోయింది.

"దొరసానీ, ఎద్దులను కట్టిచ్చినవేంది?"

పటేలమ్మ ఇటు తిరగలేదు. "మబ్బు చూసినవా లేదా? తోలుమను నీ మొగణ్ని" అంది.

మా అవ్వ బాపు దగ్గరికి వచ్చి మెల్లగా, "ఇన్నవా. మన దినం కొరకు ఆమె తన దినం ఇడిసిపెట్టింది" అంది. ఆ కళ్లలో నీళ్లు. ఆ పొద్దు మా వాళ్లు చేసిన పని నేను మళ్లీ ఎన్నడూ చూడలేదు. ఎద్దులు తిరుగుతుంటే ఆడవాళ్లు కంకులు తిరగేస్తూ పాట ఎత్తుకున్నారు. పటేలమ్మ లోపలికి పోయింది, బయటికి వచ్చింది, మళ్లీ పోయింది. కోడలు అన్నానికి పిలిస్తే ఆకలి లేదని కసిరింది. మజ్జిగ కుండ మూత పక్కకు పెట్టావని తిట్టింది.

నడిపొద్దున ఎద్దులను నీళ్లకు విప్పారు. మా అవ్వ అందులో ముసలి ఎద్దు దగ్గరికి పోయి దాని నొసటి మీద చెయ్యి పెట్టింది.

"నీ దినం మాకిచ్చినవ్ బసవన్నా. యాది పెట్టుకుంట" అంది.

"అక్కా, ఏసు ప్రభువు ఇంటడు" అని మా మేనమామ నవ్వాడు.

"ఇననియ్యి. తీసుకున్నంక చెప్పొద్దా?" అంది అవ్వ. అటు నుంచి పటేలమ్మ వైపు పోయి వంగింది. "కాల్మొక్త దొరసానీ. మొన్న నీతోని కొట్లాడిన. తప్పు నాది."

"మొక్కకు" అంది పటేలమ్మ.

"లేదు దొరసానీ..."

"మొక్కకు అన్న గద!" అని పటేలమ్మ అరిచింది. కల్లమంతా తలెత్తింది. "ఇయ్యాల సోమారం గాదు. ఐతారం. మీ ఐతారమే. మీరే ఒక దినం ముందలికి పోయినరు."

ఎద్దులు నెమరు వేసే చప్పుడు వినపడుతోంది.

"నీకెప్పుడు ఎరుక?" అంది మా అవ్వ. దొరసానీ అనే మాట ఆ ఒక్కసారి అనలేదు.

"నిన్న మీ గంట ఇనంగనే. శనివారం పొద్దుగాల వీళ్లకు గంటేంది అనుకున్న. వాళ్లే లెక్క తప్పి రేపు వస్తరు, మనకెందుకని ఊకున్న. నేను అబద్ధం చెప్పలే. చెప్పకుండ ఊకున్న, అంతే." గొంతు తగ్గింది. "పొద్దటి సంది నువ్వు నాకు పెట్టే దండాలు నేను మొయ్యలేకపోతున్న. దినం ఎరుక లేదని ఎద్దు మెడ మీద ఎన్నడు కాడి పెట్టలే నేను. మనిషి మీద పెట్టిన."

నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఎర్రటి వెలుగు, కోడి కూత, వేపపుల్ల. ఏడ్చుకుంటూ అంతా చెప్పేశాను. దేవుడు మా పన్నెండు ఇళ్ల మీదా కోపగిస్తాడని, అది నా వల్లేనని అనుకున్నాను. అవ్వ కొడుతుందని కళ్లు మూసుకున్నాను. దెబ్బ పడలేదు. కళ్లు తెరిస్తే బాపు నోటికి తువ్వాల అడ్డం పెట్టుకున్నాడు. "పొద్దుమీకి పండ్లు తోమిన పొల్ల, దేవుని వారమే మలిపేసింది" అన్నాడు. నవ్వు ఒకరి నుంచి ఒకరికి పాకింది. పటేలమ్మ నవ్వలేదు, మా అవ్వా నవ్వలేదు.

మేనమామ తల గోక్కున్నాడు. "అక్కా, నిన్న కూసున్నం గద. దేవునికి ఒక దినం ముట్టింది. సగం పని అయ్యింది, మబ్బు మీదికొచ్చింది. ఇది గూడ తొక్కిస్తె ఏమైతది?"

నాకది న్యాయంగానే తోచింది. పటేలమ్మ ముఖంలో కూడా కొంచెం ఆశ కదిలింది. అందరం మా అవ్వ వైపు చూశాం. ఆమె మబ్బు చూసింది, కుప్ప చూసింది, ఎద్దును చూసింది.

"పొద్దటి పని ఎరుక లేక చేసినం. ఇప్పుడు ఎరుకైంది. ఇప్పుడు చేస్తె అది వేరే పని" అంది. చేతిలో కట్టె కింద పెట్టింది. "దొరసానీ, గింజ మీద చొప్ప కప్పి పోతం. కప్పుడు పని గాదు, మేపుడు అసొంటిదే. రేపు తెల్లారంగ వస్తం. నువ్వు వద్దంటె రాం."

ఇక ఇల్లు పోయినట్టే అనుకున్నాను. పటేలమ్మ చాలాసేపు కాలి వేలుతో కల్లం గీకింది.

"కప్పుండ్రి" అంది. "రేపు ఎద్దులు లెవ్వు. యాదున్నదా?"

"మేమున్నం గద" అంది అవ్వ.

ఆ సాయంత్రం పటేలమ్మ మా వాడ మొదట్లో వేపచెట్టు దాకా వచ్చింది. ఆమె అంత దూరం రావడం అదే మొదలు. తాతను గొంగడితో సహా మంచం మీద బయటికి తెచ్చారు.

"ముసలాయనా, నీ మనుమరాలు ఏడుస్తున్నదట. మీ దేవుడు పిల్లను ఏమన్న అంటడా?" అంది.

"అనడు. పిల్లలు నిద్ర లేస్తె తెల్లారిందే అనుకుంటరు."

"మరి నన్నో? మీ దినం నాడు ఎద్దులను తోలించిన."

తాత గొంగడి సర్దుకున్నాడు. "పెద్దయ్యగారు ఒకపారి చెప్పిండు. ఆ దినం మనిషికే గాదు, ఎద్దుకు గూడ సెలవేనట."

పటేలమ్మ నోరు తెరుచుకుంది. "మీ దేవునికి ఎద్దు ఎరుకనా?"

"ఎరుకేనట."

"మరి ఇన్నేండ్ల సంది ఒక్కనాడన్న చెప్పకపోతివి?"

"నువ్వు అడగలే దొరసానీ."

అప్పుడు నవ్వింది పటేలమ్మ. "అయితె ఈ వారం నా ఎద్దులకు పూట తక్కువ రెండు దినాలు" అని వెనక్కి తిరిగింది.

ఆమె పోయాక నేను తాత మంచం పట్టె మీద కూర్చున్నాను. "తాతా, మనం నిన్న ఇచ్చిన దినం దేవుడు తీసుకున్నడా? ఇయ్యాల సగం దినం తీసుకున్నడా? రెండు తీసుకున్నడా?" తాత "నాకు తెల్వది బిడ్డ. పెద్దయ్యగారు వచ్చినప్పుడు అడుగుదం" అన్నాడు. పెద్దయ్యగారు వచ్చాడు, అడిగాం. ఆయన ముందు రాళ్లు చూపించమన్నాడు. చేతిలోకి తీసుకొని ఒక్కొక్కటే చూశాడు. "మంచిగున్నయి" అని మళ్లీ చిప్పలో పెట్టాడు. నా ప్రశ్న మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. ఇన్నేళ్లకు కూడా ఉంది.

సోమవారం తెల్లారకముందే పోయాం. ఎద్దులు కొట్టంలో పడుకొని మమ్మల్ని చూస్తున్నాయి. వరసగా కూర్చొని కంకులను కట్టెలతో కొట్టాం. మా వరస చివర పటేలమ్మ వచ్చి కూర్చుంది, కొంగు నడుముకు బిగించి. ఆమె కోడళ్లు ముఖాలు చూసుకొని, వాళ్లూ వచ్చారు. నడిపొద్దుకే పటేలమ్మ అరచేతులు బొబ్బలెక్కాయి. "నీ చేతులు ఇనుపయే" అంది మా అవ్వతో. అంతా మారిపోయిందని చెప్పను. దాహమైతే మాకు నీళ్లు ఎప్పటిలాగే పైనుంచే దోసిట్లో పోశారు. బొబ్బలెక్కిన చేతులతో ఆమే పోసింది.

పొద్దు వాలుతుండగా చినుకులు మొదలయ్యాయి. చాలావరకు లోపలికి చేర్చాం. ఒక మూల కుప్ప తడిసింది, గింజ నల్లబడింది. ఆ చలికాలమంతా మా రొట్టెల్లో నల్ల చుక్కలు. ఆమె ఇంటి రొట్టెల్లోనూ అవే చుక్కలని బాపు చెప్పాడు. మమ్మల్ని ఇంకో ఇల్లు చూసుకోమన్న మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు మా మనుమలకు ఆదివారమంటే బడి లేని దినం. ఏ దేవుడి ఇంటివాళ్లయినా సరే, ఆఫీసులు, బ్యాంకులు అన్నిటికీ అదే. అందరికీ ఒకే దినం ఎందుకు ఇవ్వలేదని చిన్నప్పుడు అడిగాను కదా, ఇచ్చేశారు. బాగానే ఉంది. ఎదురింటి వాళ్లది ఏ దినమో ఇప్పుడు ఎవరూ తెలుసుకోనక్కరలేదు. అది లాభమో నష్టమో నాకు తేలదు. మా కాలంలో మాత్రం తెలుసుకోక తప్పలేదు.

ఎందుకంటే ఆ వారం నుంచే తాత నాకు ఇంకో పని పెట్టాడు. రాళ్లు నల్లవన్నీ అయిపోయిన సాయంత్రం ఊరి దిక్కు పోయి, పటేలమ్మ దర్వాజ పక్క గూట్లో దీపం వెలిగిందో లేదో చూసి రావాలి. దీపం ఉంటే మా లెక్క సరి, తెల్లవారి గంట కొట్టొచ్చు. ఆ ఇంట్లో వాళ్లు మా గంట విని, రేపు ఎద్దులకు కాడి లేదని చెప్పుకునేవాళ్లట. అట్లా ఏళ్లు గడిచాయి. తాత పోయాడు, రాళ్లు నావే అయ్యాయి.

పందొమ్మిదివందల నలభైల్లో ఒక ఏడు పటేలమ్మ భర్త, పటేలు, పోయాడు. ఆ వారం శనివారం సాయంత్రం నేను పోయి చూస్తే గూట్లో చీకటి. మైల ఉన్న ఇంట్లో దీపం పెట్టరని నాకు తోచలేదు. నా లెక్క మళ్లీ తప్పిందేమోనని ఉరికాను. ఇంటికి వచ్చి రాళ్లు ఎన్నిసార్లు ఎంచానో.

అంతలో వేపచెట్టు కింద ఎవరో పిలిచారు. పటేలమ్మ కోడలు, కొంగు తల మీదికి లాక్కొని నిలబడి ఉంది.

"మా అత్త చెప్పి రమ్మన్నది. మైల గద, దీపం పెట్టలే. గాని ఇయ్యాల శనివారమే, తెల్లారి రాయి జరుపుకొమ్మన్నది."

మా అవ్వ లేచి ముందుకు పోయింది. "ఎట్లున్నది దొరసాని?"

"ఏడుస్తున్నది. ఏడ్చుకుంటనే నన్ను లేపింది. పో, పొద్దుగూకుతున్నది, వాళ్లు చూసి పోతరు అని."

తెల్లవారి కోడి కూయగానే తెల్లరాయి తుడిచి జరిపాను. గంట రోజూ కంటే గట్టిగా కొట్టాను. ఏడుపులో ఉన్న ఇల్లు కదా, రేపు ఎద్దుల దినమని ఎవరైనా మరిచిపోతారేమోనని.